అసలు అట్ట

మేనేజరు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడంటే ఎవరికో మూడిందన్నమాటే. మామూలు రోజుల్లో ఆయన అద్దాల గదిలోంచి మెడ కూడా బయట పెట్టడు. కేకలు సైతం అక్కడి నుంచే వేస్తాడు. ఆ ఉదయం మాత్రం కత్తెరక్క మెట్లెక్కుతుంటే లేచి నిలబడి, గేటు రెక్క మీద చెయ్యి వేశాడు.

"నువ్వు కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఉండమ్మా," అన్నాడు.

చొక్కాలు కుట్టే ఆ వర్క్‌షాపులో కత్తెరక్కది పెద్ద బల్ల. పొరలు పొరలుగా పరిచిన బట్టని పై ముక్కకీ అడుగు ముక్కకీ వెంట్రుకవాసి తేడా లేకుండా కోసే చెయ్యి ఆమెది. క్షయ వచ్చి, కోర్సంతా మందులు మింగి, ఈ మధ్యే మళ్ళీ ఆ బల్ల దగ్గరికి వచ్చింది.

"ఎందుకు సార్? నాకు దగ్గు లేదు, జ్వరం లేదు. పనిలోకి రావచ్చని డాక్టరే మీకు ఫోన్ చేసి చెప్పాడు కదా."

"నీకు లేదు. మిగతావాళ్ళకి ఉంది." మేనేజరు గొంతు తగ్గించాడు. "ఎక్స్‌రే బండి వచ్చి వెళ్ళాక మిషన్ల వరసలో ముగ్గురు బయటపడ్డారు కదా. నిన్న ఆ ముగ్గురికీ మందు మార్చారట. అప్పట్లో నీకు మార్చిన మందే ఇప్పుడు వాళ్ళకీ. ఇంక చెప్పడానికేముంది?"

ఆ ముగ్గురిలో పిట్ట ఒకతి. మిగతా ఇద్దరి మాట ఎలా ఉన్నా, పిట్ట గుర్తుకు రాగానే కత్తెరక్క గుండె జారింది. మిషను మీద వేళ్ళు అంత చురుగ్గా ఆడే పిల్ల ఆ హాల్లో ఇంకొకతి లేదు. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే చాలు, పక్కన వాలిపోయి సగం లాగేసుకునేది. అడిగితే, "నీ డబ్బాలోది అయితేనే నాకు అరుగుతుందక్కా," అని నవ్వేది.

మేనేజరు వెనక నుంచి పిట్ట తల్లి వచ్చింది. గుండీలు కుడుతుంది కాబట్టి అందరికీ ఆవిడ గుండీలమ్మ. చేతిలో సూది అలాగే ఉంది, దారం వేలాడుతోంది.

"మాత్రలు ఎగ్గొడితేనే మందు మారుస్తారంట. నువ్వు మింగినట్టు నటించి, రోగాన్ని ముదరబెట్టి, నా బిడ్డకి అంటించావు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నీ కూడు తినిపించావు కదే."

"నేను ఒక్క మాత్ర కూడా మానలేదు."

"అయితే ఎందుకు మార్చారు?"

 నిజానికి ఆ ప్రశ్న ఆమె కూడా అప్పట్లో మందులిచ్చే నర్సుని అడిగింది. "పెద్ద డాక్టరు రాశారు, మింగండి," అన్న సమాధానం తప్ప ఏమీ దొరకలేదు.

గుమ్మంలో మాస్టారు కనిపించాడు. బట్ట కోయడానికి అన్ని చొక్కాలకీ అట్టలు గీసేది ఆయనే. కత్తెర పట్టడం ఆమెకి నేర్పిందీ ఆయనే. నూలు ధూళి పడదంటూ ముఖానికి ఎప్పుడూ కట్టుకునే రుమాలు కట్టుకుని ఉన్నాడు. ఆయన ఒక్క మాటంటే మేనేజరు కాదనడు. కత్తెరక్క ఆశగా చూసింది. ఆయన చూపు తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

గేటు రెక్క మూసుకుంది. తలకొట్టేసినట్టయింది ఆమెకి. మెట్లు దిగి, సంచీలోంచి సొంత కత్తెర తీసి, పదును చూసుకుని, మళ్ళీ సంచీలో పెట్టుకుంది. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆమె చేసే పని అది.

*

ఇంట్లో ఆమె ఆడపడుచు బట్టలు ఆరేస్తోంది. వదిన నోరు ఆ వీధికంతా తెలుసు. తమ్ముడి సంసారంలో ఉంటూ తమ్ముణ్ణి వదిలేసి మరదలి పక్షం తీసుకునే విచిత్రమైన మనిషి.

"ఏమే, పొద్దున వెళ్ళినదానివి పొద్దునే వచ్చావు. వర్క్‌షాపు ఎత్తేశారా, నిన్నెత్తేశారా?"

"నన్నే, వదినా."

కత్తెరక్క గడపలో కూర్చుని జరిగిందంతా చెప్పింది. వదిన తడిబట్ట భుజాన వేసుకునే వింది. విన్నంతసేపూ పళ్ళు నూరింది. "ఆ గుండీలమ్మ నోరు పడిపోను. నీ నుంచే వచ్చిందని ఎలా తెలుసంట? ఆ క్రిమేమన్నా నీ ఇంటిపేరు చెప్పుకుందా?"

"నాకూ తెలీదు వదినా. నా నుంచే వచ్చిందేమో."

 ఆ మాట పైకి అన్నాకే కత్తెరక్కకి భయమేసింది. ఉద్యోగం పోయిన బాధ కంటే ఇది పెద్దది. పిట్ట ఎండిపోయి మంచం మీద పడుకుని ఉండటం, ఆ పిల్ల డబ్బాలోకి చెయ్యి పెట్టడం, తను నవ్వుతూ జరగడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ళ ముందు తిరిగాయి.

"ఇంటిపేరు లాంటిది ఉందేమో," అంది కాసేపటికి. "నా కఫం తీసుకున్న లేబులో ఒక డాక్టరమ్మ అంది. నీలోది ఏ వంశమో కూడా చూస్తామమ్మా అని. అప్పుడు పరాచికం అనుకున్నా."

"క్రిములకి వంశాలా? మా అత్తగారికి తెలిస్తే గోత్రం కూడా అడిగేది," అంది వదిన. అని, మరదలి ముఖం చూసి, బట్ట దండెం మీద పడేసింది. "వెళ్ళు. వెళ్ళి అడుగు. కూర్చుని కుళ్ళితే తేలేది కాదు."

*

లేబు ఆసుపత్రి వెనక వైపు, రోగులెవరూ రాని చోట ఉంది. బయట బల్ల మీద కూర్చోమన్నారు. చాలాసేపటికి డాక్టరమ్మ వచ్చింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, చేతులు రుద్దుకుంటూ, విషయం విని అడ్డంగా తలూపింది.

"ఆ పరీక్షలు మా పరిశోధన కోసం చేస్తున్నాం. తగవులు తీర్చడానికి కాదు. పైగా వేరేవాళ్ళ ఫలితాలు మీకు చెప్పడం కుదరదు."

"పేర్లు నాకొద్దు మేడం. నేను ఇచ్చానా లేదా, అదొక్కటి చెప్పండి. ఇచ్చి ఉంటే ఇచ్చావనే చెప్పండి. వెళ్ళి ఆ పిల్ల మంచం పక్కన కూర్చుంటా. తెలియకుండా మాత్రం ఉండలేను."

డాక్టరమ్మ కళ్ళజోడు దించుకుని ఆమెని సరిగ్గా చూసింది. "మీ వర్క్‌షాపువాళ్ళ కఫం నమూనాలు ఇంకా పోల్చి చూస్తున్నాం. ఎల్లుండి రండి. ఏం చెప్పగలనో అప్పుడు చూస్తాను."

కత్తెరక్క మర్నాడే వెళ్ళి బల్ల మీద కూర్చుంది. ఆ రోజు పనేమీ లేదని డాక్టరమ్మ చెప్పినా కదల్లేదు. "ఇంట్లో కూర్చున్నా ఇదే ఆలోచన కదా మేడం, ఇక్కడైతే నీడగా ఉంది," అంది. తర్వాతి రోజు కూడా వచ్చింది. ఈసారి డాక్టరమ్మే తలుపు తెరిచి లోపలికి పిలిచింది.

"మీ వాళ్ళ ముగ్గురినీ అడిగాను," అంది కూర్చుంటూ. "ఎవరి నుంచి వచ్చిందో వాళ్ళకీ తెలుసుకోవాలని ఉంది. చెప్పమన్నారు. ముందు ఒక సంగతి. టీబీ క్రిమి అంటే అన్నీ ఒకటే కాదు. మనుషులతో పాటే దేశాలు తిరిగి, వేల ఏళ్ళలో వేరు వేరు వంశాలుగా చీలిపోయింది. ఏ ఊళ్ళో చూసినా కొన్ని రకాలు కలిసి ఉంటాయి. మీ నలుగురిదీ ఒకే రకం. ఒకే కొమ్మ."

కత్తెరక్క చేతులు ఒళ్ళో పడిపోయాయి. "అంటే నాదే."

"ఆగండి, పూర్తిగా వినండి." డాక్టరమ్మ తెల్లకాగితం తీసి ఒక గీత గీసింది. "ఈ క్రిమి రెండుగా చీలేటప్పుడు తన లోపలి రాతనంతా నకలు రాసుకుంటుంది. నలభై లక్షలకి పైగా అక్షరాలు. అన్నిట్లో ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం తప్పు పడుతుంది. ఏళ్ళ తరబడి ఒక్కటీ పడకపోవచ్చు కూడా. కానీ పడిందంటే అక్కడి నుంచి పుట్టినవాటన్నిటిలోనూ ఆ తప్పు ఉంటుంది. మీదాంట్లో అలాంటివి రెండున్నాయి. ఆ రెండూ మిగతా ముగ్గురిలో ఒక్కరికీ లేవు."

కత్తెరక్క కాగితం వైపు వంగింది. కాసేపు ఆ గీతని చూసింది.

"మా దగ్గర అట్టలుంటాయి మేడం," అంది నెమ్మదిగా. "చొక్కా చేతికి ఒకటి, కాలరుకి ఒకటి. దాన్ని బట్ట మీద పెట్టి గీసి కోస్తాం. అట్ట నలిగిపోతే కొత్తది చేసుకోవాలి. అసలు అట్ట మీద పెట్టి గియ్యాలి. బద్ధకించి నలిగినదాని మీదే గీస్తే, దాని అంచుకి పడ్డ గాటు కొత్త అట్టకీ వస్తుంది. ఇక దాంతో కోసిన ప్రతి ముక్కకీ ఆ గాటే. ఒకసారి అలా ఎన్ని చొక్కాలకి చంక వంకర పోయిందో. ఏ అట్ట నుంచి వచ్చిందో ముక్క చూసి చెప్పేశారు మా మాస్టారు."

"అదే ఇది."

"అయితే నా అట్ట మీద గీసి ఉంటే వాళ్ళకీ నా గాట్లు రావాలి."

"రావాలి. రాలేదు. నూటికి నూరుపాళ్ళు అని నేను దేని గురించీ అనను. కానీ మీ నుంచి వాళ్ళకి వెళ్ళిందనడానికి ఇందులో ఏమీ లేదు. మీరూ వాళ్ళూ అందరూ వేరే ఒకరి నుంచి తెచ్చుకున్నట్టుంది."

కత్తెరక్కకి కళ్ళు నిండాయి. దాచుకోవాలని అనిపించలేదు. ఎదుటి మనిషి ముందే ఏడ్చింది, ముక్కు చీదుకుంది, మళ్ళీ ఏడ్చింది. డాక్టరమ్మ నీళ్ళ సీసా ఇటు జరిపి, ఆమె తేరుకునేదాకా కాగితం మీద ఏవో గీతలు గీస్తూ కూర్చుంది.

"మరి మందెందుకు మార్చారు మేడం? నేను ఒక్కటి కూడా మానలేదు."

"మీరు మానడం వల్ల కాదు. ఆ మాత్రని తట్టుకునే మార్పు, ఆ క్రిమి మీ ఒంట్లోకి రాకముందే దానిలో ఉంది. నలుగురిలోనూ అదే మార్పు, అదే చోట ఉంది." కలంతో గీత మొదలుని తాకింది. "ఎవరో ఎప్పుడో మందు మొదలుపెట్టి సగంలో వదిలేసి ఉంటారు. చచ్చేవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. ఆ మనిషి ఇప్పటికీ మీ మధ్యే దగ్గుతూ ఉండొచ్చు. ఎక్స్‌రే తీయించుకోనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారా అని ఆమె ఆ రోజుని తలుచుకుంది. ఎక్స్‌రే బండి వాకిట్లో ఆగింది. హాలు మొత్తాన్ని వరసలో నిలబెట్టింది మాస్టారే. ఒక్కొక్కరినీ బండి ఎక్కించాడు. చివరికి బండి తలుపు వేసింది కూడా ఆయనే. ఆయన ఎక్కలేదు.

దాని వెంటే ఇంకొకటి గుర్తొచ్చింది. ఆమె మందులు మొదలుపెట్టిన కొత్తలో, ఎవరికీ ఇంకా చెప్పకముందు, మాస్టారు ఆమె సంచీలో మాత్రలు చూసి, బల్ల పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు: "కొన్నాళ్ళు తెల్లబట్ట మీదికి వంగకు. ఈ మాత్రలకి చెమట కూడా ఎర్రగా రంగు తేలుతుంది. మరక పోదు." నిజంగానే పోలేదు. ఆమె రవిక చంకల్లో నారింజ రంగు మరక అలాగే ఉండిపోయింది. ఆ సంగతి ఆయనకెలా తెలుసని ఆమె అప్పుడు ఆలోచించలేదు. చదువుకున్నాడు కాబట్టి తెలిసుంటుంది అనుకుంది. ఆ మాత్రలు మింగిన మనిషికి కాక తెల్లబట్ట సంగతి ఇంకెవరికి తోస్తుంది?

"ఎవరో గుర్తొచ్చినట్టున్నారు," అంది డాక్టరమ్మ. "చెప్పండి. మా మనిషిని పంపుతాను."

"మీ మనిషి వస్తే ఆయన దొరకరు మేడం. నేనే తీసుకొస్తా."

"ఆలస్యం చేయకండి. రోజూ అందరి మధ్యా కూర్చుంటున్నారు."

*

మాస్టారు ఒక్కడే ఉండే గది మూడో అంతస్తులో ఉంది. కత్తెరక్క వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. ఆయన నేల మీద అట్ట పరిచి సుద్దముక్కతో భుజం వంపు గీస్తున్నాడు. ఆమెని చూసి రుమాలు ముక్కు మీదికి లాక్కున్నాడు. నూలు ధూళి లేని చోట కూడా కట్టుకుంటాడని ఆమె ఇప్పుడే గమనించింది.

"కిటికీ తెరవండి మాస్టారూ," అంది.

"అట్ట ఎగురుతుంది."

వర్క్‌షాపులోనూ ఇదే మాట. బట్ట పరిచేటప్పుడు గాలికి పై పొర జరుగుతుందని కిటికీలు మూసేస్తారు, ఫ్యాన్లు ఆపేస్తారు. పరిచి, గీసి, కోసేదాకా హాల్లో గాలి కదలదు. ఏళ్ళుగా అదే పద్ధతి. దానికి ఎవరూ తప్పు పట్టింది లేదు. కత్తెరక్క కిటికీ తనే తెరిచి, అట్ట మీద చెప్పు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"మీరు ఆ మాత్రలు ఎప్పుడు వేసుకున్నారు?"

మాస్టారు సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పాడు.  అబద్ధం చెబుతాడనుకుంది. చెప్పలేదు.

"ఇక్కడికి రాకముందు. రెండు నెలలకే ఒళ్ళు తేలికైంది, దగ్గు ఆగింది. అక్కడ పని చేసేచోట మాత్రలు చూస్తే తీసేస్తారని భయం. ఆపేశా. మళ్ళీ మొదలైందని తెలుసు. నూలు ధూళి అని అందరికీ చెప్పా. చెప్పి చెప్పి నాకూ అదే నిజమనిపించింది." తలెత్తాడు. "నీకు నేనే ఇచ్చానా?"

"అది మీ కఫం చూస్తే గానీ చెప్పలేరు."

"పిట్టకి?"

 ఆమెకి కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. గేటు దగ్గర ఈ మనిషి చూపు తిప్పుకుని వెళ్ళిపోయాడు. తనది కాని పాపం ఆమె నెత్తిన పడుతుంటే అట్ట మీద గీతలు గీసుకున్నాడు. లేచి ఆ అట్టని రెండుగా చించి పారేయాలనిపించింది. చేతులు పిడికిళ్ళయ్యాయి.

"రేపు నాతో ఆసుపత్రికి రండి," అంది పళ్ళ బిగువున.

"రాను."

"మాస్టారూ."

"నిన్ను గేటు బయట నిలబెట్టారే, అప్పుడు నోరు తెరవబోయాను. మాట రాలేదు. ఎందుకో చెప్పనా? కోర్సంతా మింగి, నయమై, డాక్టరు మాట తోడు తెచ్చుకున్న దానివి నువ్వు. నిన్నే అలా నిలబెట్టారు. నన్నేం చేస్తారు? ఈ వయసులో నాకు ఇంకో బల్ల ఎవరిస్తారు?" అని రుమాలు కింద నుంచి దగ్గాడు. దగ్గు ఆగాక, "పోయేదాకా ఇలా పోనీ," అన్నాడు.

కత్తెరక్క పిడికిళ్ళు విప్పింది. ఆయన పిరికితనాన్ని ఆమె క్షమించలేదు. కానీ ఆయన అన్నదాంట్లో కాదనడానికి ఏమీ లేదు. తనని బయట కూర్చోబెట్టిన ప్రతి రోజూ ఆయనకి లోపల దాక్కోవడానికి ఒక కారణం దొరుకుతోంది. ఆయన దాక్కున్న ప్రతి రోజూ ఇంకో పిట్ట ఆ గాలే పీలుస్తోంది.

"రేపు నేను పనిలోకి వస్తున్నా," అంది లేస్తూ. "నా బల్ల నాకిచ్చేదాకా కదలను. మీ పేరు ఎత్తను. మీరు చేయాల్సిందల్లా చూడటం. చూశాక చెప్పండి, వస్తారో రారో."

*

మర్నాడు గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. మేనేజరు లోపల కొత్తగా తెచ్చిన కటింగు మనిషి మీద ఎగురుతున్నాడు. అతను పరిచిన బట్టలో అడుగు పొర మడతపడి, దాని మీదే కోసేశాడు. తెల్లచొక్కాల చేతులు కట్టలు కట్టలుగా ఒకవైపు పొడుగ్గా, ఒకవైపు పొట్టిగా వచ్చాయి. కిటికీలన్నీ మూసి ఉన్నాయి, ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. హాలు ఉక్కపోసిపోతోంది.

కత్తెరక్క నేరుగా పెద్ద బల్ల దగ్గరికి వెళ్ళి సంచీ దించింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"నిన్ను ఎవరు రమ్మన్నారు?" అన్నాడు మేనేజరు.

"నా బల్ల దగ్గరికి నేనే వచ్చా సార్. ఆ ముగ్గురికీ నా నుంచి రాలేదు. ఆసుపత్రి లేబులో తేల్చారు."

"కాగితమేది?"

"కాగితం ఇవ్వరట. ఇదిగో డాక్టరమ్మ నంబరు. అందరి ముందూ మాట్లాడండి, మాకూ వినపడేలా."

మేనేజరు అటూ ఇటూ చూశాడు. అంతమంది చూస్తుంటే ఫోన్ చేయక తప్పలేదు. డాక్టరమ్మ గొంతు హాల్లో సన్నగా మోగింది. పేర్లేమీ చెప్పలేదు. కత్తెరక్క నుంచి ఎవరికీ సోకినట్టు కనిపించడం లేదని, ఆమెకి ఇప్పుడు రోగం లేదని, ఆమెని పనికి దూరం పెట్టడానికి ఏ కారణమూ లేదని చెప్పింది. కిటికీలు తెరిచి ఉంచుతున్నారా అని కూడా అడిగింది. దానికి మేనేజరు నీళ్ళు నమిలాడు.

గుండీలమ్మ తన మూల నుంచి కదల్లేదు. తల వంచుకుని ఒకే గుండీ మీద కుట్టు మీద కుట్టు వేస్తోంది.

"సరే, నీ నుంచి కాదనుకో," అన్నాడు మేనేజరు ఫోన్ పెట్టేసి. "మరి ఎవరి నుంచి? ఆ మనిషెవరో చెప్పు, ఇప్పుడే పంపించేస్తా."

"ఇలా అంటారనే చెప్పను."

"చెప్పకపోతే ఎలా?"

"నన్ను తోలేసినప్పుడు ఈ హాల్లో ఎంతమంది చూశారు సార్? దగ్గేవాళ్ళు దగ్గు మింగేశారు. జ్వరం ఉన్నవాళ్ళు చన్నీళ్ళతో మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నారు. మందు వేసుకునే మనిషి వల్ల కాదు మనకి భయం. వేసుకోకుండా దాక్కున్న మనిషి వల్ల. మీరు తోలేస్తున్నది మాత్రం వేసుకున్నవాళ్ళని." సంచీలోంచి కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. "ఎవరికి వచ్చినా మందు వేసుకుని, డాక్టరు సరే అన్నాక, వాళ్ళ చోటు వాళ్ళకే ఉంటుందని అందరి ముందూ అనండి. అప్పుడు కత్తెర పడతా. నా ఒక్కదానికి ఇస్తానంటే నాకొద్దు."

మేనేజరు వంకర చేతుల కట్టల వైపు చూశాడు. ఆర్డరు గడువు ఆయన ముఖం మీదే కనిపిస్తోంది. అయినా పంతం ఉంది కదా. "ఇదేమన్నా బేరమా? అలాంటి మాటలు నేనెలా అంటాను?"

 కత్తెరక్క మాస్టారు వైపు చూడలేదు. చూస్తే ఆయన పేరు ఎత్తినట్టే అవుతుంది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నిలబడే ఉంది.

"అనండి సార్," అన్న గొంతు వినిపించింది వెనక నుంచి. మాస్టారు తన బల్ల దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. "ఆ మాట నాకూ కావాలి."

అందరూ ఆయన వైపు తిరిగారు.  మేనేజరుకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కుర్చీ కోసం తడుముకున్నాడు. అట్టలు గీసే మనిషి ఒకడు, కోసే మనిషి ఒకతి, ఇద్దరూ బయట నిలబడితే ఇక ఆ హాల్లో కుట్టడానికి ఏమీ మిగలదు.

"సరే," అన్నాడు చివరికి, నేల చూపులు చూస్తూ. "డాక్టరు సరే అన్నాక ఎవరి చోటు వాళ్ళదే."

"గట్టిగా సార్. మిషన్ల వరసకి వినపడలేదు."

ఆయన గట్టిగా అన్నాడు.

మాస్టారు చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వచ్చాడు. కత్తెరక్క తోడు రాబోతే వద్దన్నాడు. "నేను వెళ్ళగలను. నువ్వు ఆ బట్ట సంగతి చూడు. అడుగు పొర మొత్తం విప్పి పరవాలి." అని, మేనేజరు వైపు తిరగకుండానే, "కిటికీలు తెరిపించండి," అన్నాడు. కొత్తమనిషి వెళ్ళి ఒక్కొక్కటే తెరిచాడు. బిగుసుకుపోయిన రెక్కలని భుజంతో తొయ్యాల్సి వచ్చింది.

గాలి వస్తుంటే బట్ట పరవడం మాటలు కాదు. కత్తెరక్క ఒక్కో పొరా పరిచి, అంచుల్లో ఇనప దిమ్మలు పెట్టి, మళ్ళీ పరిచింది. మామూలు కంటే రెట్టింపు సమయం పట్టింది. పట్టనీ అనుకుంది. వీపు నొప్పి పుట్టినా ఆ నొప్పి బాగుంది.

టీ వేళకి అందరూ బయటికి వెళ్ళారు. కొందరు పలకరించారు, కొందరు మొహం చాటేశారు. ఆమె సుద్దతో కాలరు గీస్తుంటే బల్లకి అవతల నీడ పడింది. తలెత్తితే గుండీలమ్మ. ఏదో ఒకటి అనడానికే వచ్చిందనుకుని కత్తెరక్క నడుం బిగించుకుంది. గుండీలమ్మ బల్ల చుట్టూ తిరిగి దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్ళలో ఎవరూ రానంత దగ్గరికి.

"ఎక్స్‌రే బండి రోజు నేను వరసలోంచి తప్పుకున్నా," అంది. మాట పెదాల్లోనే ఉంది. "పిట్టకి మందులివ్వడానికి మా ఇంటికి వచ్చే ఆవిడ అడిగితే, నాకేమీ లేదని చెప్పా. చాలా రోజులుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం వస్తోంది. చీర నడుం మీద నిలవట్లేదు. నా పని కూడా పోతే పిల్లని ఎవరు చూస్తారని నోరు మూసుకున్నా. నీ మీద అరిచా. నీ మీద అరిస్తే నా వైపు ఎవరూ చూడరని."

 కత్తెరక్క అనగలిగినవి చాలా ఉన్నాయి, గేటు దగ్గర తను విన్నవన్నీ తిప్పి అప్పజెప్పినా సరిపోతుంది.

"అక్కా," అంది గుండీలమ్మ. ఆమె ఎప్పుడూ అలా పిలవలేదు. "నా బిడ్డకి నా నుంచే వచ్చిందంటావా?"

ఆ ప్రశ్న బరువు ఎంతో కత్తెరక్కకి తెలుసు. గడపలో కూర్చుని దాన్ని మోసింది. లేబు బల్ల మీద రెండు రోజులు మోసింది. కాదులే అని ఓదార్చడానికి నోరు రాలేదు, అవునేమో అనడానికీ రాలేదు.

"నాకు తెలీదు," అంది. "అది తేల్చే చోటు తెలుసు. ముందు నీ ఛాతీ చూపిద్దాం, తర్వాత అది అడుగుదాం. మాస్టారు ఇంకా అక్కడే ఉంటారు."

గుండీలమ్మ గుమ్మం వైపు, అద్దాల గది వైపు చూసింది. "ఇప్పుడా? అడగకుండానా?"

"ఇందాక అన్నాడుగా, గట్టిగా."

కత్తెరక్క పై పొర గాలికి లేవకుండా మిగిలిన దిమ్మలు కూడా తెచ్చి వరసగా పెట్టింది. సుద్దముక్క జేబులో వేసుకుంది. అద్దాల గది ముందు నుంచే ఇద్దరూ నడిచారు. మేనేజరు తలెత్తి చూసి, లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. మెట్ల దగ్గర గుండీలమ్మకి ఆయాసం వచ్చి ఆగింది. కత్తెరక్క ఆమె రెక్క పట్టుకుని ఒక్కో మెట్టే దింపింది.